ఏ వాన?

హసావీలో మా గదికి ఆరు మంచాలు,
పద్నాలుగు మందిమి.
పగటి పనోళ్లు లేస్తే రాత్రి పనోళ్లు పండుకుంటారు,
పరుపు సల్లారేది లేదు.
నాది ఏసీ నీళ్లు కారే మూల.

నా పాస్‌పోర్టు కఫీలు బీరువాలో ఉండాది,
ముసలామె నగల డబ్బా కింద.
దుమ్ము తుడిసేటప్పుడు రెండుసార్లు సూసినా, ముట్టుకోలా.
మూన్నెల్ల జీతం అడిగిన రాత్రి
సెత్త సంచి పారేసొస్తానని సెప్పి
సంచితో పాటు నేనూ బయటికొచ్చేసినా.
సంచి డబ్బాలో పడింది.
నేను ఇంకా యాడా పడలా.

ఇప్పుడు పని ఎతుక్కునేదే ఒక పని.
ఫోన్లో ఒక గొంతు అడుగుతాది: బతాకా ఉండాదా?
ఉండాది మేడమ్, గదిలో పెట్టొచ్చినా, అంటా.
లేదని ఆమెకు తెల్సు.
ఆమెకు తెల్సునని నాకు తెల్సు.
ఆ రెండు తెలివిడుల నడుమ
గంటకు అర దినారు తగ్గుతాది.

సాల్మియాలో నాలుగో అంతస్తైనా లిఫ్టెక్కను,
ఎవురన్నా ఎదురైతే మొగం యాడ పెట్టుకోవల్ల?
మెట్లకాడ కావిలి వానికి పావు దినారు,
నన్ను సూడకుండా ఉండేదానికి.
పెండ్లిసూపులనాడు సూసేదానికి వచ్చినోల్లకు
బజ్జీలు పెట్టినాం.
సూడనోల్లకు పెట్టేది ఈడ నేర్సుకున్నా.

కారు ఖాదర్‌వలిది, రాయచోటాయన.
రోడ్డు మింద చెకింగ్ ఉంటే అందరికీ ఒకే మాట పంపుతాడు:
"వాన పడతాండాది."
ఎవురన్నా ఫోను గుంజుకోని సదివినా
వానను ఏ కేసు కింద రాస్తారు?
ఖైతాన్లో వాన, అబ్బాసియాలో వాన,
నాలుగో రింగురోడ్డు పొడుగునా ఒకటే వాన.
ఎండ నలభై తొమ్మిది.
మేము గడె పెట్టి, లైటార్పి,
తడవకుండా కూసుంటాం.

మాది లక్కిరెడ్డిపల్లె పక్క.
శెనిక్కాయ ఇత్తనం పోసి, ఈ మాట కోసం
మూడేండ్లు మోడం కల్లా సూసినోల్లం.
నాలుగు బోర్లు ఏస్తే దుమ్ము లేసింది.
ఆ దుమ్ముకు సేసిన అప్పే నన్ను ఇమానం ఎక్కించింది.
ఇప్పుడు అదే మాట ఫోన్లో వస్తే
కడుపులో రాయి పడతాది.

నవంబరులో ఒక పొద్దు.
ఫర్వానియాలో కొత్త మేడమ్, ఈజిప్టామె,
తొమ్మిదికి రమ్మనింది.
పది దినాలకు దొరికిన తొలి పని.
చెప్పులేసుకుంటాంటే ఫోను గుర్రుమనింది:
"వాన పడతాండాది."
చెప్పులిప్పినా.
కొవ్వూరు సత్యవేణి కిటికీకి కట్టిన అట్ట పక్కకు జరిపి
"ఒసేయ్, నిజంగానే కురుత్తందే!" అనింది.

ఖాదర్‌వలికి ఫోన్ జేసినా: ఏ వాన?
నవ్వుకు ఆయనకు మాట రాలా.
"నీళ్ల వానక్కా! పోలీసోల్లు బండ్లలో దూరి
అద్దాలు ఎక్కించుకున్నారు. రోడ్డు మనదే."

ఆ పొద్దు నేను పెద్దరోడ్డున నడిసినా.
సందుల్లో గాదు, గోడవార గాదు,
నీళ్లు ఎగజిమ్ముకుంటా, కొంగు కూడా కప్పుకోకుండా.
పోలీసు బండొకటి పక్కనే ఆగుండాది.
దాని అద్దం మింద రెక్కలు అటూ ఇటూ ఊగి
లేదు లేదు లేదు అంటాండాయి,
నా బదులు.

మేడమ్ తలుపు తీసి నా కాళ్ల కల్లా సూసింది.
కార్డు అడగలా. పేరూ అడగలా.
చెప్పులు బయట ఇడిసి
బాల్కనీలో నిలిచిన నీళ్లు తోడమనింది.
ప్లాస్టిక్ డబ్బాతో ఎత్తిపోస్తాండా,
మా సేనికి ఒక తడి పారేన్ని నీళ్లు,
మూడో అంతస్తు నుంచి ఊరోల్ల కార్ల మింద.
గంటకు దినారు.

పదకొండుకు ఫోను.
"అక్కా, వాన నిలిచింది.
ఇంగ వాన మొదులైతాది.
బిన్నా వచ్చేయ్."

సగం బాల్కనీ కూడా తోడలా నేనింకా.